పాండేసర: పొరుగు రాష్ట్రపువాడు నగరవాసి యైన చరిత్ర

సూరతు నగరమునకు దక్షిణదిశయందు, ఉధనా రైల్వే జంక్షనుకు చేరువలో, రంగుల మిల్లుల పొగగొట్టములును, మరమగ్గముల కార్ఖానాలును, వాని నడుమ ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము తలదాచుకొను ఇండ్ల వరుసలును గలిగి పాండేసర యను ప్రాంతము వ్యాపించియున్నది. 1962లో స్థాపింపబడిన గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ తొలిదశలో నెలకొల్పిన పారిశ్రామికవాడలలో ఒకటి ఇచ్చట వెలసినది మొదలు, ఒకనాడు పొలములును పల్లెలునుగా నుండిన ఈ నేల, మన ఊళ్ల బట్టల దుకాణములలో సూరతు చీరలన్న పేరుతో చవుకగా అమ్ముడుపోవు కృత్రిమ పట్టువస్త్రములకు పుట్టినిల్లుగా మారినది. గంజాం జిల్లానుండి ఒడియాలు, ఖాందేశమునుండి మరాఠీలు, ఉత్తరప్రదేశ్ బిహారులనుండి హిందీవారు, తెలంగాణమందలి కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి తెలుగు నేతపనివారు ఇచ్చట చేరి, పండ్రెండేసి గంటల పాళీలలో మగ్గములయొద్దను బాయిలర్లయొద్దను శ్రమించి, సంపాదించిన దానిలో కొంత తాము తిని, కొంత ఊరికి పంపుచు, రెండు తరములు మూడు తరములుగా కాలము గడుపుచున్నారు.

ఇట్టి జనసమూహములో ఒకడు జబ్బుపడినను, ఒక తల్లికి నెలలు నిండినను, ఒక బిడ్డ బడియీడునకు వచ్చినను, ఒక మిల్లు హఠాత్తుగా మూతపడినను, ఆదుకొనవలసిన బాధ్యత ఎవరిది? కన్న ఊరిదా, పని యిచ్చిన సేఠుదా, కులసంఘముదా, పన్నులు వసూలుచేయు నగరపాలక సంస్థదా? ఈ ప్రశ్నకు సూరతు నగరము వేఱువేఱు కాలములందు వేఱువేఱు సమాధానములు చెప్పుచు వచ్చినది. వానిలో ఏ సమాధానమును ఊరక వచ్చినది కాదు. ఒక్కొక్కదాని వెనుక ఒక ఆపద యున్నది.

మొగలాయీల యేలుబడిలో సూరతు పశ్చిమతీరమున మకుటాయమానమైన రేవు. మక్కా యాత్రికులు ఇచ్చటనే ఓడ లెక్కెడివారు. 1611లో మన మచిలీపట్టణమున కోఠీ పెట్టిన ఆంగ్ల వర్తకులు రెండేండ్లు తిరుగకమునుపే సూరతునందును కాలూనిరి. ఆనాటి నగరములో దీనజనపోషణము ప్రధానముగా మహాజనములనబడు వర్తకసంఘముల చేతిలో నుండెడిది. వారు ధర్మశాలలు కట్టించిరి, బావులు త్రవ్వించిరి, ముదిసిన పశువులకు పింజ్రాపోలులు పెట్టించిరి. 1689లో సూరతును దర్శించిన ఆంగ్ల మతాచార్యుడు జాన్ ఓవింగ్టన్ ఇచ్చటి జంతువుల ఆసుపత్రిని గూర్చి ఆశ్చర్యముతో వ్రాసియుంచెను. ఆ భూతదయను నేను తక్కువచేయువాడను గాను. అయినను ఒక్క విషయము మఱువరాదు: ముదిసిన యెద్దు ఏ ఊరిదైనను దానికి మేత దొరకవచ్చును గాని, మనుష్యుడు సహాయము కోరి చేయిచాచినపుడు అతని కులమేది, అతని పెద్ద యెవరు, అతనికి పూచీ పడువారెవరు అను ప్రశ్నలు ముందుగా వచ్చి నిలిచెడివి. కులము గలవానికి కులమే ఆసరా. ఆ యూర కులపెద్ద లేని పరదేశికి ధర్మశాలలో నాలుగు దినముల బసయే ఆసరా.

1837లో ఘోరమైన అగ్నిప్రమాదమును, వెనువెంటనే వచ్చిన తాపీనది వరదయు సూరతును క్రుంగదీసెను. వాణిజ్యము అంతకుముందే బొంబాయికి తరలిపోయి యుండెను. అట్లు చిక్కిపోయిన నగరమునకు 1852లో మునిసిపాలిటీ ఏర్పడెను. వీథులు, దీపములు, మురుగుకాలువలు, తరువాతి దినములలో మంచినీరు – ఇవి దాని పనులు. దీనుని కష్టము మాత్రము కులపు పంచాయతీకిని దాతల కరుణకును విడువబడెను. 1966లో మునిసిపాలిటీ కార్పొరేషనుగా మారువఱకును, మారిన తరువాత చాలకాలము వఱకును, ఈ పద్ధతి పెద్దగా మారలేదు.

ఈ చిక్కు ఒక్క సూరతునదే కాదు. దీనులను పోషించు భారమును 1601 నాటి శాసనముచే ఒక్కొక్క పారిష్‌పై మోపిన ఇంగ్లండుదేశమే, 1662లో మఱియొక శాసనము చేసి, ఏడాదికి పది పౌనులకు తక్కువ అద్దె చెల్లించు క్రొత్తవానిని, వాడు వచ్చిన నలువది దినములలోపల ఫిర్యాదు వచ్చినచో, ఇద్దఱు న్యాయాధికారుల ఉత్తరువుతో స్వస్థలమునకు వెడలగొట్టు అధికారమును అవే పారిష్‌లకు ఇచ్చెను. ఆ వ్యవస్థలో నెలలు నిండిన నిరాశ్రయ స్త్రీలను, బిడ్డ తమ హద్దులలో పుట్టినచో దాని పోషణము తమకు తప్పదను భయముచే, ఎల్ల దాటించిన ఉదంతములు ఆ దేశచరిత్రలో కోకొల్లలు. సహాయము సొంతవారికే అను ఆ భావమును ఆంగ్లేయులు అమెరికాకును తీసికొనిపోయిరి. అక్కడ ఆ భారము పెక్కు రాష్ట్రములలో కౌంటీలకు సంక్రమించెను. కాలిఫోర్నియాలో నేటికిని తన హద్దులలో నివసించు దీనులను ఆదుకొనుట కౌంటీకి చట్టము విధించిన బాధ్యత. మన తెలుగువారు పెక్కుమంది స్థిరపడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు సాన్ మటేయో కౌంటీలో హ్యూమన్ సర్వీసెస్ ఏజెన్సీ యను శాఖ ఆహారసహాయము, ఉద్యోగము పోయినవారికి తోడ్పాటు, బాలల సంరక్షణము, ఇల్లులేనివారికి ఆశ్రయము అను పనులను ఒక్క గొడుగు క్రిందికి తెచ్చి నిర్వహించుచున్నది. అయితే అమెరికాలోను క్రొత్తగా వచ్చినవానికి ఇట్టి సహాయములు సులభముగా అందలేదు. ఏడాది నివాసము లేనిదే సాయము లేదను నిబంధనపై, బోస్టనునుండి హార్ట్‌ఫర్డునకు తరలివచ్చిన ఒక గర్భిణి పోరాడగా, 1969లో షపిరో–థాంప్సన్ వ్యాజ్యమున ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసెను. కాలిఫోర్నియా మఱియొక దారి వెదకి, క్రొత్తవారికి తొలి యేడాది వారి పాత రాష్ట్రపు మొత్తమునే ఇత్తుమనగా, 1999లో దానిని కూడ అదే న్యాయస్థానము త్రోసిపుచ్చెను. మూడు వందల సంవత్సరముల పైచిలుకు వాదప్రతివాదములకు కేంద్రము ఒక్కటే: నీవు ఎక్కడివాడవని అడుగవలెనా, ఎక్కడ ఉన్నావని అడుగవలెనా?

ఇక మనవారి సంగతి. తెలంగాణపు పద్మశాలీలు పడమటి దేశమునకు పయనమగుట క్రొత్తది కాదు. మిల్లు బట్ట సంతలలోనికి వచ్చి చేమగ్గపు గిరాకీని మ్రింగివేసిన నాటినుండియు, కఱవులు వచ్చినపుడెల్లను, నైజాం పాలనలో వెట్టియు జాగీర్దారుల వసూళ్లును భరింపలేని పల్లెలనుండి నేతపనివారు షోలాపురమునకును, అహమ్మదునగరమునకును, భివండీకిని, బొంబాయికిని నడచిపోవుచుండిరి. సూరతు ఆ దారిలో కొంత ఆలస్యముగా వచ్చిన మజిలీ. జరీపనికి పేరెన్నికగన్న ఆ యూర కృత్రిమ పట్టునూలు ప్రవేశించి, మరమగ్గములు పెరిగి, 1960 తరువాతి దశాబ్దములలో నైలాను, పాలియెస్టరు వచ్చి పరిశ్రమ ఇబ్బడిముబ్బడిగా విస్తరింపగా, లింబాయత్, ఉధనా, పాండేసర, డిండోలీ ప్రాంతములలో తెలుగు గుంపులు ఏర్పడెను. విజయవాడ, ఖమ్మం, వరంగల్లు, రామగుండముల మీదుగా వచ్చి, తాపీలోయ మార్గమున సూరతు చేరు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వారి రాకపోకలకు రాజమార్గమయ్యెను.

వచ్చినవాడు ముందుగా చేరునది ఆఫీసునకు కాదు, మేనమామ గదికి. మామ కార్ఖానాలో మాట చెప్పును. మగ్గము పట్టుట నేర్పును. తొలి పగారు చేతికి వచ్చువఱకు అన్నము పెట్టును. గది అడ్వాన్సునకు చీటీల డబ్బు, పెండ్లికి కులపువారి చేబదులు, చావునకు సంఘపు చందా – ఈ విధముగా ఒక ఊరివారును ఒక కులమువారును కలిసి చిన్న ప్రభుత్వమువంటి దానిని తమంతట తాము నడుపుకొనిరి. షోలాపురము మొదలుకొని సూరతు వఱకు పద్మశాలీలు ఎచ్చట నుండిన అచ్చట మార్కండేయుని గుడియో, కనీసము శ్రావణ పూర్ణిమనాటి ఊరేగింపో యుండును. బతుకమ్మనాడు ఆ వాడల స్త్రీలు పూలు దొరకకపోయినను వెదకి తెచ్చి పేర్తురు. ఈ సంఘములను పాతకాలపు అవశేషములని చులకన చేయువారితో నేను ఏకీభవింపను. ప్రభుత్వమునకు వారి పేర్లైనను తెలియని కాలమున, వారికి అన్నము పెట్టినవి ఆ సంఘములే.

కాని సంఘముచేత కానిది సంఘముచేత కాదు. అది క్షయరోగమునకు ఆఱుమాసముల మందులు ఇప్పింపలేదు, మురుగునీరు గదిలోనికి రాకుండ ఆపలేదు, బడి కట్టలేదు. అందఱును ఒకే పరిశ్రమపై ఆధారపడినవారు గనుక, ఆ పరిశ్రమ మందగించిన నెలలో అప్పు అడుగువాడును అప్పిచ్చువాడును ఒక్కసారే చేతులు ముడుచుకొందురు. మఱి చట్టము? 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలసకార్మికుల చట్టము చేసినది. గుత్తేదారు కార్మికులను నమోదు చేయవలెను, ప్రయాణపు ఖర్చు ఈయవలెను, స్థానభ్రంశ భత్యముగా సగము నెలజీతమో 75 రూపాయలో ఏది యెక్కువైన అది చెల్లింపవలెను, వసతియు వైద్యమును చూడవలెను అని అందు విధించినది. ఉద్దేశము ఉదాత్తమైనది. అయితే ఆ రక్షణములన్నియు గుత్తేదారు ద్వారా వచ్చినవానికే. మేనమామను నమ్ముకొని రైలెక్కినవానికి ఆ చట్టములో చోటు లేకపోయెను. పాండేసర తెలుగువారిలో అధికసంఖ్యాకులు రెండవ తెగవారే. దక్షిణ గుజరాత్ శ్రామికుల జీవితమును 1960ల నుండి దశాబ్దములపాటు పరిశీలించిన డచ్చి సామాజికశాస్త్రజ్ఞుడు యాన్ బ్రెమన్, ఈ తిరుగాడు శ్రామికులు చట్టపు కంటికి కనబడనివారుగా మిగిలిపోవుటను తన గ్రంథములలో పలుమాఱులు విశదీకరించెను.

వారిని నగరము కంటబడునట్లు చేసినది 1994 సెప్టెంబరు నాటి ప్లేగు. ఆ యేడు వానలు విపరీతముగా కురిసి తాపీ పొంగి పల్లపు వాడలు మునిగెను. చెత్త వీథులలోనే క్రుళ్లెను. మహారాష్ట్రములో బీడ్ జిల్లా మామ్లా గ్రామమున అప్పటికే గడ్డల ప్లేగు కనిపించెను. సెప్టెంబరు మూడవ వారమున సూరతు సివిల్ ఆసుపత్రికి ఊపిరితిత్తుల ప్లేగు లక్షణములతో రోగులు రాసాగిరి. వార్త వ్యాపించిన నాలుగైదు దినములలో లక్షలాది జనులు రైళ్లలోను బస్సులలోను లారీలపైనను నగరము విడిచిపోయిరి. ప్రైవేటు వైద్యులలో చాలమంది తలుపులు మూసికొని వెళ్లిరి. ప్రభుత్వాసుపత్రి వైద్యులు మాత్రము నిలిచి రోగులకు చికిత్స చేసిరి. టెట్రాసైక్లిన్ మాత్రలు దుకాణములలో మాయమాయెను. దేశము మొత్తముమీద మరణములు 56గా లెక్కకు వచ్చినవి. ఆ సంఖ్య భయమునకు ఏమాత్రమును సరితూగదు. సూరతునుండి వచ్చినవారిని చూచి ఊళ్లు జంకినవి. ఇక్కడ కూలి, అక్కడ అనుమానము – రెండు చోట్లను పరాయివాడైన మనుష్యుని దుర్దశ ఆ పదునైదు దినములలో వెల్లడియైనంతగా మునుపెన్నడును వెల్లడి కాలేదు.

నగరము నేర్చుకొనిన పాఠము సరళమైనది, కఠినమైనది. రోగము ఎవని జన్మస్థలమును అడుగదు. మురికివాడలో పుట్టిన జ్వరము వజ్రవ్యాపారి మేడకును ప్రాకును. కార్మికులు పాఱిపోయినచో మగ్గములు నిలిచిపోవును. 1995 మే నెలలో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు, ఇంటిపేరే చెప్పుచున్నట్లు తెలుగువారు. ఆయన ఆరు జోన్ల అధికారులకు తన అధికారములను పంచియిచ్చి, అధికారులందఱును ఉదయవేళ ఎయిర్‌కండిషను గదులలో గాక వీథులలో నుండవలెనని నియమము చేసెను. రాత్రివేళ వీథులు ఊడ్చు పద్ధతి ఏర్పడెను. ఆసుపత్రులనుండి జ్వరముల వివరములు ప్రతిదినమును కార్పొరేషనుకు అందు ఏర్పాటు క్రమముగా స్థిరపడెను. అక్రమ కట్టడములను, యజమాని ఎంతవాడని చూడక, కూల్చిరి. ఏడాదిన్నర తిరుగకుండ 1996లో ఇంటాక్ సంస్థ సూరతును చండీగఢ్ తరువాత దేశమున రెండవ పరిశుభ్రనగరముగా పేర్కొనెను. 1998లో రావుగారికి పద్మశ్రీ లభించెను.

ఈ కథను సాధారణముగా చీపురు కథగా చెప్పుదురు. నాకు అందులో అంతకన్న ముఖ్యముగా తోచునది వేఱొకటి. ఒడియా గదుల వరుసలలోను, తెలుగు వాడలలోను, మరాఠీ బస్తీలలోను మంచినీటి కొళాయి, వీథిదీపము, రాతిపఱపు, సామూహిక మరుగుదొడ్డి – వీనిని ఈయవలెనన్నపుడు, ఇల్లు ఎవరి పేరున నున్నది, ఇంటివాడు ఏ రాష్ట్రపువాడు అను విచారణకు తావులేదు. మురికి యున్న చోట చీపురు వెళ్లవలెను. జ్వరమున్న గదికి ఆరోగ్యకార్యకర్త వెళ్లవలెను. దయచేత కాదు, అవసరముచేత, నగరము తన హద్దులలో నిదురించు ప్రతివానిని లెక్కలోనికి తీసికొనెను. 1991లో సుమారు 15 లక్షలుగా నుండిన నగర జనాభా 2011 నాటికి 44 లక్షలు దాటినది. హద్దులు విస్తరించుట అందుకు కొంత కారణము, వలస మిక్కిలి కారణము. అంత జనమును జన్మస్థలమునుబట్టి వేఱుపఱచి సేవ చేయుట ఏ ఆరోగ్యశాఖకును సాధ్యము కాదు. అయితే ఆ సంస్కరణలలో గుడిసెలు పోయినవారు కలరనియు, రోడ్డు వెడల్పైనపుడు బ్రతుకుతెరువు ఇఱుకైనవారు కలరనియు ఒప్పుకొనక తప్పదు. తరువాతి దశాబ్దమున కేంద్రపు పట్టణ నవీకరణ పథకము క్రింద కార్పొరేషను భేస్తాన్, కోసాడ్ మొదలగు చోట్ల బహుళాంతస్తుల ఇండ్లు కట్టి కొందఱికి పంచినది. కోసాడ్ తాపీకి ఉత్తరమున, పాండేసర దక్షిణమున. అంత దూరమున ఇల్లు పొందిన నేతపనివానికి రాత్రిపాళీకి వచ్చుటయే ఒక సమస్య యగును.

ఈ నగరపాలక సంస్థను నేను మనఃపూర్వకముగా అభినందించునది బడుల విషయమున. సూరతు నగర ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు అను ఏడు మాధ్యమములలో పాఠశాలలను నడుపుచున్నది. దీనినిగూర్చి ఒక్క క్షణము ఆలోచింపుడు. తెలుగునేలకు వందల మైళ్ల దూరమున, తెలుగువాడు మేయరు కాని, తెలుగు పాలనాభాష కాని ఒక నగరములో, మునిసిపాలిటీ తన పన్నుల సొమ్ముతో తెలుగు ఉపాధ్యాయుని నియమించి, నేతపనివాని కూతురికి అఆలు దిద్దించుచున్నది. మన రాష్ట్రములలోని ఎన్ని పురపాలక సంఘములు వలసవచ్చిన ఒడియా ఇటుకబట్టీ కార్మికుని బిడ్డకు అట్టి ఏర్పాటు చేసినవో చెప్పుట కష్టము. ఈ బడులు నిలుచుటకు చట్టబలమును కలదు: 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము వయోధ్రువీకరణ లేదన్న కారణమున గాని, బదిలీపత్రము ఆలస్యమైనదను కారణమున గాని బిడ్డను చేర్చుకొనకుండ త్రిప్పిపంపరాదు. ప్రాథమిక పాఠశాలలలో మధ్యాహ్నభోజనమును గుజరాత్ 1984లోనే ప్రారంభించినది. అది తల్లియు తండ్రియు ఇద్దఱును పనికి పోవు గదులలోని బిడ్డలకు ఆనాటినుండియు గొప్ప ఆధారముగా నున్నది.

ఇందలి చిక్కును దాచిపెట్టుట న్యాయము కాదు. తెలుగుబడిలో చదివినవాడు ముందుకు పోవలసినపుడు గుజరాతీయో హిందీయో ఇంగ్లీషో తప్పదు. తలిదండ్రులు ఆ సంగతిని ముందే యెఱిగి మొదటి తరగతినుండియే బిడ్డలను వేఱు మాధ్యమమునకు పంపజూతురు. భాషపై ప్రేమ లేక కాదు. మగ్గమునుండి బిడ్డను తప్పింపవలెనను ఆరాటముచేత. ఆ ఆరాటమును తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. కాని తెలుగుబడియందలి పిల్లవానికి గుజరాతీని తొలి తరగతులనుండియే శ్రద్ధగా నేర్పినచో, రెండును దక్కునుగదా యని మాత్రము అనిపించును.

నీటి సంగతి ఒకటి చెప్పి ముందుకు పోవుదును. రంగుల మిల్లులకు నీరు అపారముగా కావలెను. నదినీరు మిల్లులు త్రాగినచో వాడలకు కొఱత. కార్పొరేషను బమ్రోలీవద్ద 2014లో దినమునకు నాలుగు కోట్ల లీటర్ల మురుగునీటిని మూడవ దశవఱకు శుద్ధిచేయు కేంద్రమును నెలకొల్పి, ఆ నీటిని పాండేసర మిల్లులకు విక్రయించుచున్నది. అనగా కార్మికుని గదిలోనుండి పోయిన మురుగే తిరిగి వాని మిల్లునకు ధనము చెల్లించి తెచ్చుకొనవలసిన సరుకయ్యెను. మంచినీరు మనుష్యులకు మిగిలెను. సంక్షేమశాఖ అను పేరు ఈ పనికి లేదు గాని, పాండేసర నివాసికి ఇంతకన్న పెద్ద సంక్షేమము నాకు కనబడదు.

వైద్యము, బడి, నీరు – ఇవి ఉన్నచోటనే అందినవి. అన్నము మాత్రము చిరకాలము కన్న ఊరికే కట్టుబడి యుండెను. రేషన్ కార్డు సిరిసిల్లదో జనగామదో, మనిషి పాండేసరలో. ఇంటిలో ముసలితల్లి యున్నచో ఆమె బియ్యము తెచ్చుకొనును. కుటుంబమంతయు వచ్చివేసినచో ఆ కార్డు ట్రంకుపెట్టెలో నుండును, బియ్యము బజారులో కొనవలెను. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము మనిషికి నెలకు ఐదు కిలోలు, బియ్యము కిలో మూడు రూపాయలకు హక్కుగా చేసినది కాని, ఆ హక్కు రాష్ట్రము దాటి నడువలేదు. 2019 ఆగస్టులో కేంద్రము రెండు జంటలుగా – ఆంధ్ర తెలంగాణములు ఒక జంట, మహారాష్ట్ర గుజరాత్‌లు మఱియొక జంట – కార్డులను పరస్పరము చెల్లునట్లు చేసెను; పాండేసరలోని తెలుగువానికి అదియు చాలలేదు, ఆ రెండు జంటల నడుమ గోడ యింకను మిగిలియుండెను. 2020 జనవరి 1న పండ్రెండు రాష్ట్రములు ఒక్కటిగా చేరుటతో ఆ గోడ కాగితముమీద కూలెను. అయినను తన రాష్ట్రము అదనముగా ఇచ్చు భాగము కార్డుతో ప్రయాణింపదు. ఆనాడు తెలంగాణములో రూపాయికి కిలో చొప్పున ఆఱు కిలోలు పొందినవాడు సూరతులో కేంద్రపు ధరకు కేంద్రపు పరిమాణమునే పొందవలసియుండెను.

మూడు నెలలైనను గడువలేదు. 2020 మార్చి 24 రాత్రి దేశమంతట రాకపోకలు స్తంభించెను. మగ్గములు ఆగినవి, మెస్సులు మూతపడినవి, గది అద్దె మాత్రము ఆగలేదు. మార్చి నెలాఖరున పాండేసరలోని గణేశ్‌నగర్, తిరుపతినగర్ వాడలలో వందలాది కార్మికులు ఊళ్లకు పోవుటకు అనుమతింపుడని వీథులలోనికి రాగా పోలీసులకును వారికిని ఘర్షణ జరిగి, తొంబదిమందికి పైగా నిర్బంధింపబడిరి. ఆకలితో ఇంటిదారి అడిగినవానిపై లాఠీ లేచిన ఆ దినములను తలచినపుడు నాకు నేటికిని మనసు కలతపడును. ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వము రేషన్ కార్డు లేని పరరాష్ట్రపు కార్మికులకును అన్నబ్రహ్మ పథకము పేర ఉచిత ధాన్యము ప్రకటించినది. నగరములో పెక్కు స్వచ్ఛందసంఘములును గుళ్లును వండిన అన్నము పంచినవి. మే నెలలో శ్రామిక రైళ్లు కదలినవి. ఇందు మెచ్చదగినది చాల యున్నది. కాని ధాన్యము సంచి ఇచ్చుటకు ముందు పేరు వ్రాసికొనవలెనుగదా. పేరు వ్రాసికొనుటకు జాబితా ఉండవలెనుగదా. ఆ జాబితా ఎవరియొద్దను లేకపోయెను. గదుల యజమానియొద్ద అద్దె లెక్క యున్నది, సేఠుయొద్ద మీటర్ల లెక్క యున్నది, మనుష్యుల లెక్క లేదు. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు ఒకే దేశము – ఒకే రేషన్ కార్డును అన్ని రాష్ట్రములును జూలై నెలాఖరులోగా అమలుచేయవలెననియు, అసంఘటిత కార్మికుల నమోదును త్వరపఱుపవలెననియు ఆదేశింపగా, ఆ ఆగస్టులో ఈ–శ్రమ్ నమోదు ప్రారంభమైనది.

నేడు పాండేసర నేతపనివానికి ఎదురగు ముఖ్యమైన అడ్డంకి చట్టములో గాక ఒక చిన్న కాగితములో నున్నది: అద్దె ఒప్పందము. గది అద్దెకిచ్చినవాడు వ్రాతపూర్వకమైన ఒప్పందము చేయడు. విద్యుత్తు బిల్లు వాని పేరుననే యుండును. ఆధార్‌లోని చిరునామా తెలంగాణపు పల్లెదే. రాష్ట్ర వాస్తవ్యతను కోరు ఏ పథకమునకు దరఖాస్తు పెట్టినను నివాసపు రుజువు దగ్గఱ ఆ దరఖాస్తు ఆగిపోవును. స్వరాష్ట్రమున 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నను, దాని ఫలము పొందుటకు సాధారణముగా హైదరాబాదుకో వరంగల్లుకో పోవలెను. అనగా జబ్బుమనిషిని రైలెక్కింపవలెను. నగర ఆరోగ్యకేంద్రములో మాత్రము ఇట్టి బాధ లేదు. గర్భిణి యెక్కడ నివసించుచున్నదో అచ్చటి కార్యకర్తయే ఆమె పేరు వ్రాసికొని టీకాలు వేయించును. క్షయరోగి విషయమున పద్ధతి ఇంకను మేలు: జాతీయ కార్యక్రమపు నిక్షయ్ నమోదులో పేరెక్కినవాడు చికిత్స నడుమ ఊరికి పోయినను ఆ వివరములు జిల్లానుండి జిల్లాకు బదిలీయగును, పాండేసరలో మొదలైన మందు సిరిసిల్లలో ఆగకుండ సాగును, పోషణకు 2018లో నెలకు 500 రూపాయలుగా ఆరంభమై 2024 నవంబరునుండి 1,000 రూపాయలైన సొమ్మును వాని ఖాతాకే చేరును.

క్షయరోగికి వర్తించు ఈ పద్ధతిని రేషనుకును, పింఛనుకును, వైద్యబీమాకును, బడి చదువుకును వర్తింపజేయుటకు అడ్డమేమి? కార్పొరేషను తన ఉధనా జోన్ కార్యాలయములో, గది యజమాని సమ్మతితో పనిలేకుండ, ఇరుగుపొరుగు ఇద్దఱి సాక్ష్యముతోను ఆరోగ్యకార్యకర్త ధ్రువీకరణముతోను నివాసపత్రము నిచ్చు అధికారమును ఏర్పఱచినచో, ఆ పత్రమును తెలుగు, ఒడియా, మరాఠీ, హిందీ భాషలలో వ్రాయించి యిచ్చు గుమాస్తాను ఒకనిని నియమించినచో, పాండేసరలో ముప్పది యేండ్లుగా మగ్గము నడిపిన మనుష్యుడు తన నగరపు కార్యాలయమునకు పోయి తన పేరు తానే చెప్పుకొనగలుగును.